నల్లా నీళ్లు గాబులోకి, ప్లాంటు నీళ్లు గొంతులోకి

సంపాదకుల వారికి నమస్కారములు.

ఎండాకాలం మొదలు కాగానే మీ జిల్లా పేజీలో ఖాళీ బిందెలతో రోడ్డెక్కిన ఆడవాళ్ల ఫొటో ఒకటి తప్పనిసరిగా వస్తుంది. ఆ ఫొటో వేయడం అవసరమే. అది పడితేనే మరుసటి రోజుకు ట్యాంకరైనా కదులుతుంది. నేను ఈ ఉత్తరం రాస్తున్నది మాత్రం నిండు బిందెల గురించి. నల్లగొండ జిల్లా పడమటి మండలాల్లో ఉన్న మా ఊరిలో ప్రతి ఇంటి ముందూ నల్లా ఉంది. ఎక్కువ రోజులు అందులో నీళ్లు వస్తాయి, వచ్చేవి కృష్ణా నీళ్లు. అయినా మా వాడకట్టులోని 22 ఇళ్లలో ఆ నీళ్లు తాగే ఇళ్లు నాలుగే. మిగతా 18 ఇళ్ల వాళ్లు నల్లా నీళ్లను గాబులో పట్టుకొని బర్రెలకు, బట్టలకు, స్నానాలకు వాడుకుంటూ, తాగడానికి మాత్రం బస్టాండు దగ్గరున్న వాటర్ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాను తెచ్చుకుంటున్నారు. ఇది ఎవరో చెప్పిన లెక్క కాదు. చేతిలో నోటుబుక్కు పట్టుకొని ఇంటింటికీ తిరిగి నేనే రాసుకున్నాను.

హైస్కూలులో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ని కనుక నాకు ఈ లెక్క మీద కొంచెం మమకారం ఎక్కువేమో. కాని ప్రభుత్వాలు వేసే లెక్కలో ఈ 22 ఇళ్లూ నల్లా ఉన్న ఇళ్ల కిందే వస్తాయి. ఎన్ని ఇళ్లకు కనెక్షను ఇచ్చామన్నదాన్ని మండలం నుంచి ఢిల్లీ దాకా లెక్క కడుతున్నారు. ఆ నల్లా నీళ్లను ఎన్ని ఇళ్లలో తాగుతున్నారన్న గడి మాత్రం నాకు తెలిసినంతలో మా ఊరి ఏ రిజిస్టరులోనూ లేదు.

ఈ జిల్లాలో నీళ్ల మీద జనానికి ఉన్న అనుమానం నిన్నమొన్న పుట్టింది కాదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయే ఫ్లోరోసిస్ జబ్బును 1937లోనే నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతంలో వైద్యులు గుర్తించి శాస్త్ర పత్రికలో రాశారు. ఆ తరువాత మన జిల్లా పేరు ఈ జబ్బుకు మారుపేరుగా మారిపోయింది. చివరికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి కూడా నాగపూర్ శాస్త్రవేత్తలు నల్లగొండ పద్ధతి అనే పేరు పెట్టారు. ఆఫ్రికా దేశాల వారు సైతం ఆ పేరుతోనే దాన్ని చదువుకుంటారు. ఒక జిల్లాకు ఇలాంటి ఖ్యాతి రావడం గర్వపడదగిందో కాదో నేను చెప్పలేను.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేసిన సంగతి మీ పాఠకుల్లో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. జల సాధన సమితి పిలుపు మీద, నీళ్ల గోడు దేశానికి వినిపించడానికి వందల మంది నామినేషన్లు వేశారు. దానితో పోలింగును వాయిదా వేసి, బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలా అచ్చు వేయవలసి వచ్చింది. నేను ఆ ఎన్నికల విధుల్లో ఉన్నాను. ఓటరు చేతికి ఆ పుస్తకాన్ని ఇచ్చి, తనకు కావలసిన గుర్తు ఏ పేజీలో ఉందో అతను వెతుక్కునేంత సేపూ మేమంతా ఎదురు చూసేవాళ్లం. నడుము వంగిపోయి, మెడ తిప్పలేని ఒక పెద్దాయన ఆ పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకోలేక, బెంచీ మీద పరిచి, తాను పక్కకు తిరిగి చూసుకోవడం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. అదే ఏడాది చట్టం మారి లోక్‌సభ అభ్యర్థి కట్టే ధరావతు 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. మా ఊరికి కృష్ణా నీళ్లు రావడానికి మాత్రం ఆ తరువాత ఇరవై ఏళ్లు దాటింది.

ఇప్పుడు వచ్చాయి. ఆ మాట ముందుగా ఒప్పుకోవాలి. 2016 ఆగస్టు 7న గజ్వేల్ నియోజకవర్గంలోని కోమటిబండలో, ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే రాష్ట్ర ప్రభుత్వ పథకం మిషన్ భగీరథ మొదలైనప్పుడు నాకు పెద్దగా నమ్మకం కలగలేదు. తలకు రోజుకు 100 లీటర్లని చెప్పినప్పుడు స్టాఫ్ రూములో నవ్విన వాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ తరువాత పైపు ఊళ్లోకి వచ్చింది, ట్యాంకు ఎక్కింది, మా ఇంటి ముందు నల్లాలో నీళ్లు పడ్డాయి. నది నీటిలో ఫ్లోరైడ్ చాలా తక్కువ. మా పాత బోరింగు నీళ్లతో పోలిస్తే అది ఎంత తేడా అన్నది మా మోకాళ్లకు తెలుసు. పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తున్న చిన్న తరగతుల పిల్లల్ని ఈ మధ్య పాఠశాల వార్షికోత్సవంలో చూశాను. నవ్వితే ముందు పళ్లు తెల్లగా ఉన్నాయి. నేను పాఠాలు చెప్పిన ముప్పయ్యేళ్లలో ఒక తరగతిలో అన్ని తెల్లని పళ్లు ఎన్నడూ చూడలేదు. శాశ్వత దంతాల పింగాణీ పొర తయారయ్యేది పుట్టిన నాటి నుంచి దాదాపు ఎనిమిదేళ్లు వచ్చే వరకే కనుక, ఆ వయసులో పిల్లలు ఏ నీళ్లు తాగారో వాళ్ల పళ్లే జీవితాంతం చెబుతుంటాయి. అయితే ఆ పిల్లల్లో ఎక్కువ మంది ప్లాంటు నీళ్లు తాగి పెరిగినవాళ్లే కాబట్టి ఘనతనంతా నల్లాకే కట్టబెట్టడం న్యాయం కాదు.

మరి మంచి నీళ్లు గుమ్మం ముందుకు వస్తుంటే జనం డబ్బు పెట్టి క్యాను ఎందుకు కొంటున్నారు? అధికారులను అడిగితే అలవాటు అంటారు, అవగాహన లేదంటారు. నాకు అలా తోచడం లేదు. మా ఎదురింటి ఆమె నాతో అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా రాస్తున్నాను: "నల్లా నీళ్లు బర్లకు, బట్టలకు మంచిగనే ఉన్నయి సారూ, తాగెటందుకే బుగులైతది. ఒకనాడు సప్పగుంటయి, ఒకనాడు ఉప్పగుంటయి. ఏనాడు ఏ నీళ్లో ఎవలకెరుక?"

ఈ ఒక్క మాటలో మా ఊరి నీళ్ల కథంతా ఉంది. దూరం నుంచి వచ్చే పెద్ద పైపు ఎక్కడో పగిలినప్పుడో, పంపుహౌసుకు కరెంటు పోయినప్పుడో, వాల్వు మార్చేటప్పుడో రెండు మూడు రోజులు ఊరికి నీళ్లు రావు. ఆ రోజుల్లో జనం పంచాయతీ మీదికి వస్తారని, ఊరి పాత బోరు నీళ్లను అదే ట్యాంకులోకి ఎక్కించి అవే పైపుల్లోంచి వదులుతారు. నీళ్లు రావడం లేదన్న ఫిర్యాదు అక్కడితో ఆగిపోతుంది. కాని ఆ రోజు నల్లాలో వచ్చినవి, మా తాతల కాళ్లు వంచిన నీళ్లే. పైగా ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పరు. గత ఏప్రిల్‌లో మా ఇంటి నల్లా నీళ్లను పది రోజుల తేడాతో రెండుసార్లు ఫ్లోరైడ్ కిట్టుతో చూశాను. గొట్టంలో పోసిన నీళ్లకు రసాయనం చుక్కలు కలిపితే, ఫ్లోరైడ్ లేని నీళ్లు గులాబీ రంగులో ఉండిపోతాయి. ఎక్కువగా ఉంటే పసుపు వైపుకు తిరుగుతాయి. మొదటిసారి గులాబీ రంగు అలాగే నిలిచింది. రెండోసారి నా కళ్ల ముందే పసుపుపచ్చగా మారిపోయింది. అదే నల్లా, అదే గొట్టం. ఆ రోజు మా ఆవిడ అన్నం వండింది ఆ నీళ్లతోనే.

అన్నం గురించి మరొక మాట చెప్పాలి. క్యాను నీళ్లు తాగుతున్నాం కాబట్టి భయం లేదనుకునే ఇళ్లలో కూడా వంటకు నల్లా నీళ్లనో బోరు నీళ్లనో వాడతారు, ఎందుకంటే వంటకు కూడా కొనాలంటే రోజుకు ఒక క్యాను చాలదు. బియ్యం, పప్పు పీల్చుకున్న నీళ్లు కడుపులోకి పోవా? పప్పు బాగా ఉడికితే మంచినీళ్లని మన పెద్దలు పెట్టుకున్న పరీక్ష ఫ్లోరైడ్ విషయంలో పనికిరాదు. కాల్షియం తక్కువగా ఉన్న నీళ్లలోనే ఈ ప్రాంతపు గ్రానైటు రాళ్లలోని ఫ్లోరైడ్ సులువుగా కరుగుతుంది. అటువంటి నీళ్లలో పప్పు చక్కగా ఉడుకుతుంది కూడా. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కాచితే పోదు సరికదా, నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. బ్లీచింగ్ పౌడరు కలిపితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ చెక్కు చెదరదు. అందువల్ల ఏనాడు ఏ నీళ్లు వస్తున్నాయో తెలుసుకోవడానికి గృహిణి దగ్గర ఏ సాధనమూ లేదు. తెలియని దానికి భయపడి క్యాను కొనుక్కోవడాన్ని అవగాహన లేకపోవడం అనగలమా? నా దృష్టిలో ఆమె లెక్క సరైనదే. దాని ఖర్చును మాత్రం ఆమె ఒక్కతే మోస్తున్నది.

ఆ ఖర్చు ఎంతంటే, మా ఊళ్లో ప్లాంటు దగ్గరికి వెళ్లి పట్టుకుంటే క్యానుకు 5 రూపాయలు, ఆటోలో ఇంటికి తెచ్చి వేస్తే 15 రూపాయలు. ఐదుగురున్న ఇంటికి రోజుకు ఒక క్యాను అనుకుంటే, తెచ్చి వేయించుకునే వాళ్లకు ఏడాదికి 5,475 రూపాయలు అవుతుంది. స్కూటరు లేని ముసలివాళ్లే ఎక్కువగా తెప్పించుకుంటారు కనుక, ఎక్కువ ధర కట్టేది కూడా వాళ్లే. ప్లాంట్ల వాళ్లను నేను తప్పు పట్టడం లేదు. కృష్ణా నీళ్లు రాని రోజుల్లో ఊళ్లను కాపాడినవి అవే. కాని ఆ ప్లాంటు కూడా తోడేది అదే ఫ్లోరైడ్ బోరును. లోపలి వడపోత పొర పాతబడితే ఎంత ఫ్లోరైడ్ బయటికి వస్తుందో కొలిచి చెప్పేవారు లేరు. వడపోతలో మిగిలిన చిక్కటి నీళ్లు మా ఊళ్లో అయితే మోరీలోకి పోయి, అక్కడే భూమిలోకి ఇంకుతున్నాయి.

రెండో అనుమానం వాసన గురించినది. మందు వాసన వస్తోందని పిల్లలు తాగరని చాలా ఇళ్లలో చెప్పారు. ఇందులో నిజం ఉంది, పొరపాటూ ఉంది. క్లోరిన్ వాసన కొద్దిగా రావడమే మంచిది. చివరి ఇంటి నల్లా దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి, దారిలో ఏ క్రిమి చేరినా చావడానికి. కాని మా ఊళ్లో జరుగుతున్నదేమిటంటే, ట్యాంకు దగ్గరి ఇళ్లకు ముక్కు మూసుకునేంత వాసన, ఎస్సీ కాలనీ చివర ఉన్న ఇళ్లకు అసలు క్లోరినే లేకపోవడం. కిట్టులోని చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్న నీళ్లు పసుపు రంగుకు వస్తాయి. కాలనీ చివరి నల్లా నీళ్లలో నేను చుక్కలు వేసినా రంగు మారలేదు.

ఆ చివరి ఇళ్ల సంగతి వేరే చెప్పుకోవాలి, ఎందుకంటే అక్కడ నేను కూడా దోషినే. నీళ్లు వదిలే గంటన్నరలో పైభాగం ఇళ్ల వాళ్లు నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగుతారు. మా ఇంటికీ నిరుడు దాకా అటువంటి మోటారే ఉండేది. మోటారు లాగినప్పుడు పైపులో నీళ్లకు బదులు ఖాళీ ఏర్పడి, పగుళ్లు, వదులైన జాయింట్లు ఉన్న చోట పక్కనున్న మోరీ నీళ్లను పైపు తన లోపలికి పీల్చుకుంటుంది. మా వాడకట్టులో పైపు, మోరీ ఒకే కాలువలో పక్కపక్కనే పోతున్నాయి. మా ఇంటి మోటారు వల్ల కాలనీ పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకుని ఉండవచ్చునన్న ఆలోచన వచ్చిన రోజు దాన్ని విప్పి పక్కన పెట్టాను. శుద్ధి కేంద్రంలో ఎంత శుభ్రంగా తయారు చేసి పంపినా, ఊరి లోపలి ఆఖరి అర కిలోమీటరులో నీళ్లు చెడిపోతున్నాయి. ఆ అర కిలోమీటరు పంచాయతీది.

పంచాయతీ అంటే ఇక్కడ నిజానికి ఒకే ఒక్క మనిషి. ట్యాంకు నింపేదీ అతనే, వాల్వు తిప్పేదీ, బ్లీచింగ్ కలిపేదీ, లీకేజీ దగ్గర గుంత తవ్వేదీ అతనే. మధ్యలో చెత్త ట్రాక్టరు డ్రైవరు రాకపోతే దాన్ని నడిపేదీ అతనే. అతని జీతం నెలకు పది వేలు దాటదు, అదీ నెలనెలా చేతికి రాదు. బ్లీచింగ్ పౌడరు ఎంత కలపాలని అడిగితే, "రెండు దోసిళ్లు" అన్నాడు. మూతి విప్పిన సంచి నెలల తరబడి గాలికి ఉంటే అందులోని క్లోరిన్ ఎగిరిపోతుందని, అప్పుడు నాలుగు దోసిళ్లు వేసినా తెల్లటి సున్నమే మిగులుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చాక, అడిగేవారు లేని ఆ రోజుల్లో కూడా ఊరికి నీళ్లు ఆగకుండా చూసింది ఈ మనిషే. వందల కిలోమీటర్ల పైపుల మీద ఖర్చు పెట్టిన ప్రభుత్వం, ఆ పైపు చివర నిలబడ్డ మనిషికి వారం రోజుల శిక్షణ, నెల జీతం సకాలంలో ఇవ్వలేదా?

డబ్బు లేదన్న జవాబు చెల్లదు. తాగునీరు రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించిన అంశాల్లో ఒకటి. పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పంచాయతీలకు సిఫారసు చేసిన నిధుల్లో 30 శాతాన్ని తాగునీరు, వాననీటి సేకరణ వంటి నీటి పనులకే ముడిపెట్టింది. ఆ 30 శాతంలో మా ఊరికి ఎంత వచ్చింది, దేనికి పెట్టారు అని గ్రామసభలో అడిగాను. రికార్డు మండలంలో ఉందన్నారు.

ఇక పరీక్షల మాట. ఇంటింటి నల్లాల కోసం కేంద్రం పెట్టిన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు కిట్లతో నీళ్లు పరీక్షించడం నేర్పాలన్నది నియమం. మా ఊళ్లోనూ నేర్పారు. వాళ్లలో ఇద్దరు నా పాత విద్యార్థినులు, చక్కగా చేస్తారు. వాళ్లు చేసిన పరీక్షల ఫలితం ఫోనులోంచి కంప్యూటరులోకి, అక్కడి నుంచి రాజధానికి పోతుంది. ఊరికి మాత్రం తిరిగి రాదు. నేను వాడిన కిట్టు కూడా వాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్నదే. నీళ్లు తాగవలసినవాళ్లకు తెలియని ఫలితం ఎంత కచ్చితమైనదైతేనేమి?

అందుకని జిల్లా అధికారులకు మీ పత్రిక ద్వారా నేను విన్నవించేది ఇది. బోరు నీళ్లను కృష్ణా నీళ్ల ట్యాంకులోకి ఎక్కించడం పూర్తిగా మానాలి. వాడుకకు బోరు తప్పదనుకుంటే దానికి చిన్న ట్యాంకును, వేరే పైపును పెట్టి, ఒకప్పుడు మా ఊళ్లో ఫ్లోరైడ్ బోరింగులకు పూసినట్టే ఎర్ర రంగు పూయాలి. రెండు రోజులు నీళ్లు రాకపోతే రావని మైకులో చెప్పండి, మేము ఓర్చుకుంటాం, ముప్పయ్యేళ్లు ఓర్చుకున్నవాళ్లం. నమూనా తీసేటప్పుడు ట్యాంకు కింద కాకుండా ఊరి ఆఖరి ఇంటి నల్లా దగ్గర తీయాలి. ఫలితాన్ని తెలుగులో, తేదీ వేసి, పరీక్షించిన మహిళ సంతకంతో పంచాయతీ కార్యాలయం గోడ మీద వారం వారం రాయాలి: ఫ్లోరైడ్ ఎంత, క్లోరిన్ ఎంత, ఈ వారం వచ్చినవి ఏ నీళ్లు. ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేని చోట ఒకటిన్నర దాటరాదని ఆ గోడ మీదే పెద్ద అక్షరాలతో రాసి ఉంచితే, మిగతా లెక్క మా ఊరి ఆడవాళ్లు చూసుకుంటారు. నల్లాలకు మోటార్లు బిగించే మాలాంటి వాళ్లకు జరిమానా వేస్తే నేను సంతోషంగా సాక్ష్యం చెబుతాను.

ఇది మా ఒక్క జిల్లా సంగతి అనుకోవద్దు. మూత్రపిండాల జబ్బుతో తల్లడిల్లిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, హిరమండలం జలాశయం నుంచి 807 గ్రామాలకు నీళ్లిచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. అక్కడి జబ్బుకు కారణం ఏమిటన్నది ఇంకా తేలలేదు కాబట్టి, నీళ్ల మీద జనానికి నమ్మకం కలగడం అక్కడ మరీ అవసరం. ఆంధ్రప్రదేశ్‌లో మాలాగే ఫ్లోరైడ్ బాధ ఉన్న కనిగిరి వైపు బంధువులను అడిగినా క్యాన్ల మాటే చెబుతారు. ఆ ఊళ్లకు వెళ్లే మీ విలేఖరులు నల్లా ఉందా అన్న ప్రశ్నతో ఆగకుండా, వంటింట్లోకి వెళ్లి, పొయ్యి పక్కనున్న బిందెలోని నీళ్లు ఎక్కడివని అడిగితే బాగుంటుంది. వచ్చే ఎండాకాలం ఖాళీ బిందె ఫొటో పక్కన ఆ జవాబు కూడా అచ్చు వేయండి.

మా హైస్కూలు స్టోరు రూములో వాడకుండా పడి ఉన్న నల్లబల్ల ఒకటి ఉంది. ప్రధానోపాధ్యాయుణ్ని అడిగితే ఇస్తానన్నారు. దానికి రంగు వేయించి, గడులు గీయించి పంచాయతీ గోడకు బిగించే ఖర్చు నేను పెట్టుకుంటాను. పరీక్ష చేసే అమ్మాయిలు సుద్దముక్క పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. ఆ బల్ల బిగించడానికి పై నుంచి ఉత్తర్వు కావాలని కార్యదర్శి అంటున్నారు. ఆ ఒక్క ఉత్తర్వు ఇప్పించమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నల్లగొండ జిల్లా.